జాలితో కాదు, టైంటేబుల్‌తో తెచ్చుకోండి

వాట్సాప్ గ్రూపులో ఫొటో వస్తుంది. మూడేళ్ల జర్మన్ షెపర్డ్. చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాయి, కళ్లలో మాత్రం దిగులు. కింద రెండు లైన్లు: ‘ఓనర్లు కెనడా వెళ్లిపోతున్నారు. ఎవరైనా తీసుకోండి, ప్లీజ్.’ మీ మనసు కరుగుతుంది. కరగనివ్వండి, తప్పులేదు. వెంటనే ‘మేం తీసుకుంటాం’ అని మాత్రం టైపు చేయకండి. దాన్ని తాత్కాలికంగా ఉంచుకున్న ఫోస్టర్ ఇంటి ఖర్చుకి ఓ వెయ్యి రూపాయలు పంపండి, అదీ సాయమే. ఆ తర్వాత ఒక పని చేయండి. రేపు పొద్దున అయిదున్నరకి లేచి ముప్పావుగంట నడిచి రండి. ఎల్లుండీ అంతే. రాత్రి రిసెప్షన్ నుంచి పన్నెండింటికి వచ్చినా, బయట ముసురు పట్టినా. పది రోజులు ఇలా గడిచాక, ఇంకా ఆ కుక్క మీద మనసుంటే అప్పుడు ఫోన్ చేయండి.

ఎందుకింత పరీక్ష? జాలి పదిహేను రోజులు ఉంటుంది. మూడేళ్ల షెపర్డ్ మీ ఇంట్లో ఇంకో ఏడెనిమిదేళ్లు ఉంటుంది. ఈ లెక్కలో తేడా వచ్చినందుకే అది ఒకసారి రోడ్డున పడింది. రెండోసారి మీ చేతుల మీదుగా పడకూడదు కదా.

అసలు షెపర్డ్ లాంటి మంద తోలే కుక్కలు ఎలాంటివో ముందు తెలియాలి. మన గొల్ల, కురుమల మందల వెంట కుక్కలు ఉంటాయి. వాటి పని కాపలా. తోడేలో దొంగో వస్తే మొరిగి, ఎదురు తిరుగుతాయి. మందని నడిపేది మాత్రం మనిషే, తన కేకతో, కర్రతో. యూరప్‌లో పద్ధతి వేరు. అక్కడ మందని తోలే పనే కుక్కకి అప్పగించారు. స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దు కొండల్లో పుట్టిన బోర్డర్ కోలీ పనిలో సాధారణంగా మొరగదు, కరవదు. వంగి, పొంచి, కళ్లతో చూస్తూనే గొర్రెల్ని కదిలిస్తుంది. 1893లో నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర పుట్టిన హెంప్ అనే కుక్క ఈ మౌన విద్యలో ఆరితేరింది. ఈనాటి బోర్డర్ కోలీలకి దాన్నే మూలపురుషుడిగా చెప్పుకుంటారు. జర్మన్ షెపర్డ్ ఉద్యోగం ఇంకోరకం. కంచెల్లేని పొలాల మధ్య సన్నటి గడ్డి పట్టీలో గొర్రెలు మేస్తుంటే, పక్క చేలో మూతి పెట్టకుండా ఆ గట్టు వెంట పొద్దస్తమానం అటూ ఇటూ తిరగడం. కుక్కే కంచె అన్నమాట. 1899లో మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి ఇలాంటి పని కుక్కనే ఒకదాన్ని కొని, ఈ జాతికి మొదటి రిజిస్టర్ కుక్కగా రాసుకున్నాడు.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఈ చివర నుంచి ఆ చివరకి గంటసేపు తిరుగుతున్న షెపర్డ్‌ని చూడండి. ‘పిచ్చెక్కిందా దీనికి?’ అంటారు కింద ఫ్లాట్ వాళ్లు. అది డ్యూటీలో ఉంది. గొర్రెల్లేవు, గట్టు లేదు, జీతం లేదు. డ్యూటీ మాత్రం ఒంట్లో ఉంది.

సంక్రాంతికి చుట్టాలొచ్చిన ఇంట్లో ఇలాంటి కుక్క ఒకటి ఉంటే ఆ తమాషా చూసి తీరాలి. పిల్లలు వరండాలో పరుగులు పెడతారు. కుక్క ముందు దూరంగా గుండ్రంగా తిరుగుతుంది. తర్వాత తల దించుతుంది. ఒక పిల్లాడు గుంపు నుంచి విడిపోయి గేటు వైపు ఉరికాడా, వెళ్లి మడమ దగ్గర పళ్లతో చిన్నగా నొక్కుతుంది. రక్తం రాదు, ఏడుపు వస్తుంది. పెద్దమ్మగారు ‘కరిచిందర్రా!’ అంటారు. పిల్లాడి తల్లి కారు తాళాలు తీసుకుంటుంది. అది కోపంతో పట్టిన కాటు కాదని ఆ సమయంలో ఎవరికి చెప్పినా వినరు. చెప్పే బాధ్యతా, అసలు అలా జరగకుండా ముందే కుక్కని గదిలో ఉంచి ఎముక ముక్కో, తిండి కూరిన రబ్బరు బొమ్మో ఇచ్చే బాధ్యతా మీదే. ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ అయితే మరీను. ఆవుల గిట్టల దగ్గర కొరికి నడిపించడానికే దాన్ని తయారుచేశారు.

పెద్ద కుక్కకి కొత్త బుద్ధులు నేర్పగలమా అన్నది అందరూ అడిగేదే. తోక వంకర సామెత వెంటనే గుర్తొస్తుంది మనకి. వియన్నాలో పరిశోధకులు 2016లో ఈ సంగతి తేల్చారు. అయిదు నెలల పిల్ల నుంచి పదమూడేళ్ల ముసలిదాకా 95 బోర్డర్ కోలీల్ని టచ్‌స్క్రీన్ ముందు కూర్చోబెట్టి బొమ్మలు ఎంచుకోవడం నేర్పారు. వయసు మళ్లినవి నేర్చుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్న మాట నిజం. ఒకసారి నేర్చుకున్నాక ఆరు నెలల తర్వాత అడిగినా మర్చిపోలేదు. తెలిసిన తప్పుడు బొమ్మని పక్కనపెట్టి తెలియనిదాన్ని ఎంచుకునే తర్కంలో కుర్రకుక్కల కంటే పెద్దవే మెరుగ్గా చేశాయి. సామెత చెప్పినవాళ్లు బహుశా రెండు రోజులు నేర్పి వదిలేసి ఉంటారు.

పైగా పెద్ద కుక్కతో ఒక సౌకర్యం ఉంది. పిల్లని తెచ్చుకుంటే అది రేపు ఏమవుతుందో జాతకం చూసినా తెలియదు. పెద్దదాని ఎత్తు, బరువు, పిల్లులంటే మంట, ముసలివాళ్లంటే ఇష్టం, అన్నీ మీ ఎదురుగానే ఉంటాయి. మీరు చేయాల్సిందల్లా అడగడం. అడగడానికి మనకి మొహమాటం. పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసేవాళ్లం, కుక్క దగ్గరకొచ్చేసరికి ‘ఎంత ముద్దుగా ఉందో’ అని సంతకం పెట్టేస్తాం. ఎందుకు వదిలేశారు? ఎవరినైనా కరిచిందా, ఏ సందర్భంలో? తింటున్నప్పుడు దగ్గరికి వెళితే గుర్రుమంటుందా? ఒంటరిగా ఎన్ని గంటలు ఉంది? షెల్టర్‌లో బోను వెనక చూసిన కుక్క వేరు, ఫోస్టర్ ఇంట్లో వారం ఉన్న కుక్క వేరు. రెండో చోటే చూడండి, వీలైతే రెండుసార్లు, ఇంటిల్లిపాదీ వెళ్లి. ఒకసారి తాళాల గుత్తి నేల మీద పడేయండి. కుక్క ఉలిక్కిపడటం సహజం. ఎంతసేపట్లో తేరుకుని వాసన చూడ్డానికి వచ్చిందన్నదే మీరు గమనించాల్సింది. అర నిమిషంలో వచ్చిందా, మంచం కింద నుంచి గంటైనా రాలేదా? మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు కూడా ఎంత తెలివిగలవాడన్న దానికంటే ఎదురుదెబ్బ నుంచి ఎంత త్వరగా లేస్తాడన్నది చూసే మేనేజర్లు నాకు తెలుసు. వాళ్ల టీములు బాగుంటాయి.

ఇంటికి తెచ్చిన రోజు ఏం చేయాలి? దాదాపు ఏమీ చేయకూడదు. స్నానం, హారతి, కాలనీ పిల్లలందరికీ దర్శనం, ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో... ఇవన్నీ మీ సంతోషం కోసం. దానికి కావాల్సింది ఒక మూల, నీళ్ల గిన్నె, పొద్దున్నా సాయంత్రం ఒకే వేళకి తిండి, ఒకే దారిలో నడక. వదిలేసిన కుక్కల్ని కాపాడే రెస్క్యూ వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి పద్ధతి అర్థమవడం, మూడు నెలలకి ఇది నా ఇల్లే అన్న నమ్మకం. ఇది శాస్త్రం కాదు, అనుభవం మీద వేసిన అంచనా. కొన్నిటికి ఏడాది పడుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మొదటి వారం కనబడిన బుద్ధిమంతుడు అసలు కుక్క కాదు, భయపడిన కుక్క. రెండు మూడు వారాలకి కాస్త కుదుటపడి, మొదటిసారి డెలివరీ కుర్రాడి బైకు వెంటపడినప్పుడు ‘ఇదేమిటి, మొన్నటిదాకా బాగానే ఉందే’ అని హతాశులవకండి. అది ఇప్పుడే మీకు తనని తాను పరిచయం చేసుకుంటోంది.

ఈ బైకు విషయం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇలాంటి కుక్కల్ని తిరిగిచ్చేసేవాళ్లు చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. కదిలేదాన్ని తరమడం దాని రక్తంలో ఉంది. పైగా కుక్క లెక్కలో ఆ పని ప్రతిసారీ ఫలిస్తుంది. బైకు వచ్చింది, నేను తరిమాను, బైకు పారిపోయింది. ఇంతకంటే మంచి ఫలితం ఎక్కడుంది? కాబట్టి తిట్టి, లాగి, కొట్టి లాభం లేదు. తరిమే అవకాశమే దొరక్కుండా చూడటం సగం వైద్యం. రోడ్డు మీద వదులుగా సాగే లీష్ వద్దు, ఛాతీకి తొడిగే హార్నెస్, గట్టి ఆరడుగుల పట్టీ చాలు.

మిగతా సగం ఇలా. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ గోరంత ముక్కలుగా చేసి జేబులో డబ్బాలో వేసుకోండి. పెద్ద రోడ్డుకి బాగా దూరంగా, ఏ పార్కు గేటు లోపలో నిలబడండి. బైకు కనబడాలి, కుక్క మాత్రం ఇంకా మీ చేతిలోంచి తినగలగాలి. అంత దూరం. బైకు రాగానే దాని చెవులు ముందుకి వస్తాయి, మూతి మూసుకుంటుంది, ఒళ్లు ఒక్క క్షణం బిగుసుకుంటుంది. అదే సమయం. అది ఉరక్కముందే ‘యెస్’ అని చిన్నగా అని ముక్క నోటికందించండి. మళ్లీ బైకు, మళ్లీ యెస్, మళ్లీ ముక్క. కొన్నాళ్లకి ఒక విచిత్రం జరుగుతుంది. బైకు చూసి కుక్క తనంతట తానే మీ వైపు తల తిప్పుతుంది, ‘చూశాను, ఏదీ నా ముక్క?’ అన్నట్టు. అప్పుడు పది అడుగులు ముందుకి జరగండి. ముక్క ఇచ్చినా ముట్టుకోవడం లేదంటే మీరు మరీ దగ్గరికొచ్చారని అర్థం. పంతానికి పోకుండా వెనక్కి నడవండి.

వెనక్కి నడవడం మనకి ఓటమిలా అనిపిస్తుంది. ఇంట్లో వాదన ముదిరి గొంతులు లేచాక అవతలివాళ్లకి నీతి బోధించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ వేడిలో ఏ బుర్రకీ ఏమీ ఎక్కదు. దూరం జరిగి, చల్లబడ్డాక చెప్పాలన్నది అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. బైకులున్న రోడ్డు పక్కన కుక్కతో నిలబడితే ఈ పాఠం ఒంటబడుతుంది, ఎందుకంటే కుక్క మీ హోదా చూసి నటించదు.

హోదా అంటే గుర్తొచ్చింది. ‘నువ్వే ఆల్ఫా అని చూపించాలి, మెడ పట్టి వెల్లకిలా పడేయాలి’ అని చెప్పే పెద్దమనుషులు ప్రతి కాలనీలోనూ ఉంటారు. ఈ ఆల్ఫా కథకి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు రాసిన పరిశీలన. ఆయన చూసింది బోనులో కలిపి పడేసిన తోడేళ్లని. అవి కొట్టుకోక ఏం చేస్తాయి? డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970లో రాసిన పుస్తకం ఆ మాటని ప్రపంచమంతా తిప్పింది. అడవిలో తోడేళ్ల గుంపుని ఏళ్లతరబడి చూశాక ఆయనే 1999లో అదంతా సరికాదని రాశాడు. గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలూ, నాయకత్వం అంటే తల్లిదండ్రుల పెంపకం, అంతే. అయినా మన ఆఫీసుల్లో, ఇళ్లలో, డాగ్ ట్రైనింగ్ సెంటర్లలో బోను తోడేలు సిద్ధాంతమే ఇంకా రాజ్యమేలుతోంది. భయపెట్టి కూర్చోబెట్టే ట్రైనర్ దగ్గరికి మీ షెపర్డ్‌ని పంపకండి. ఇప్పటికే ఒకసారి మనుషులు మోసం చేసిన ప్రాణి అది.

పెంపకం అంటే మొదట మాట మీద నిలబడటం. తెలుగు ఇంట్లో కుక్కకి ఎన్ని భాషలు రావాలో చూడండి. నాన్న ‘సిట్’ అంటారు, అమ్మ ‘కూర్చో’ అంటుంది, తాతగారు ‘బైఠ్’ అంటారు, చంటాడు ‘సిడ్డౌన్ సిడ్డౌన్ సిడ్డౌన్’. సోఫా ఎక్కకూడదన్నది రూలు, అమ్మమ్మ వచ్చినప్పుడు తప్ప. కుక్కకి దీన్లో ఒక్కటే అర్థమవుతుంది, ఈ ఇంట్లో మాటకి విలువ లేదని. ఒక ఆదివారం అందరూ కూర్చుని పది మాటలు ఖాయం చేసుకుని ఫ్రిజ్ మీద అతికించండి. ఏ భాషైనా ఫరవాలేదు, ఒక్కటే ఉండాలి. అమెరికాలో జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ తన బోర్డర్ కోలీ చేజర్‌కి మూడేళ్లలో 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. రోజుకి నాలుగైదు గంటలు దానితోనే. అంత మీకక్కర్లేదు, పదే చాలు. ఆ పది మాటల్లో ‘చాలు, పడుకో’ అన్నది తప్పకుండా ఉండాలి.

ఎందుకంటే చాలామంది ఈ కుక్కల్ని అలసిపోయేదాకా పరిగెత్తించడమే మందు అనుకుంటారు. రోజూ గంట బంతి విసిరితే ఆర్నెల్లకి మీకు దొరికేది రెండు గంటలు పరిగెత్తగల అథ్లెట్. శరీరంతో పాటు బుర్రకీ పని పెట్టండి. గిన్నెలో పోసే తిండిని టవల్‌లో చుట్టి, అట్టపెట్టెల్లో దాచి వెతకనివ్వండి. నడకలో చెట్టు చెట్టునీ వాసన చూడనివ్వండి, అది దాని దినపత్రిక. ఆ తర్వాత విశ్రాంతి కూడా నేర్పాలి. చాప వేసి, దాని మీద ఊరికే పడుకున్నందుకు మధ్యమధ్య ఒక ముక్క. పెద్ద కుక్కకి రోజులో సగం నిద్రే. ఖాళీగా కూర్చోవడం మీకే చేతకాకపోతే దానికి నేర్పడం కష్టమే. ఫోన్ పక్క గదిలో పెట్టి మీరూ చాప పక్కన కూర్చోండి.

ఒంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఎక్కువ. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2001లో బయటపెట్టారు. ఆ లోపమున్న కుక్కకి గజ్జి తగ్గడానికని ఐవర్‌మెక్టిన్ పెద్ద మోతాదులో ఇస్తే అది మెదడులోకి చేరి ప్రాణం తీయగలదు. మనకి విరేచనాలైతే వేసుకునే లోపరమైడ్ మాత్రా వాటికి ప్రమాదమే. జర్మన్ షెపర్డ్‌లో ఇది తక్కువ, లేకపోలేదు. మెడికల్ షాపు సలహాతో ఏదీ వేయకండి, జాతి పేరు డాక్టరుకి ముందే చెప్పండి. మన వాతావరణంలో పిడుదుల జ్వరం మామూలు, కాబట్టి మొదటి వారంలోనే రక్తపరీక్ష, నట్టల మందు, రేబీస్ టీకా. షెపర్డ్ అయితే తుంటి కీళ్ల ఎక్స్‌రే. వేసవిలో బొచ్చు గుండు కొట్టించకండి, దాని రెండు పొరలూ ఎండని ఆపుతాయి. నడక సూర్యోదయానికి ముందు, చీకటి పడ్డాక. అరచేయి తారు మీద అయిదు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలూ పెట్టలేవు. పప్పులో, పులుసులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది. మిగిలిన కూరన్నం కలిపి పెట్టే అలవాటు అక్కడే ఆపండి.

దీపావళికి వారం ముందే డాక్టర్ని కలవండి. మంద తోలే జాతుల్లో శబ్దాలకి హడలిపోయేవి ఎక్కువ. లక్ష్మీబాంబుకి గేటు దూకి పోయిన కుక్క ఉదయానికి ఏ ఊళ్లో తేలుతుందో తెలియదు. మెడపట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల తగిలించండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకి వేరే చిక్కు. అక్కడ బోర్డర్ కోలీలకీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లకీ విడిగా రెస్క్యూ సంస్థలున్నాయి. (ఆస్ట్రేలియన్ అని పేరే గానీ ఆ జాతి రూపుదిద్దుకున్నది అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో.) ఇంటికొచ్చి కంచె ఎత్తు చూస్తారు, మీరెన్ని గంటలు ఆఫీసులో ఉంటారో అడుగుతారు, కొన్నిసార్లు ఇవ్వం పొమ్మంటారు. చిన్నబుచ్చుకోకండి. ఇండియా నుంచి ఆర్నెల్లు ఉండటానికి వచ్చే అమ్మానాన్నల సంగతి మాత్రం మీరే వాళ్లకి చెప్పాలి, అమ్మానాన్నలకి కుక్క సంగతీ టికెట్ కొనకముందే చెప్పాలి. సాయంత్రం నడక నాన్నగారికి అప్పగించిన ఇళ్లలో ఇద్దరి ఆరోగ్యమూ బాగుండటం చూశాను. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని గుంజుకెళ్లే కుక్కతో పంపడం మాత్రం అన్యాయం.

ఎవరు తీసుకోకూడదు? ఏడాదిలో వీసా వస్తుందని ఎదురుచూస్తున్నవాళ్లు. మూడేళ్ల లోపు పిల్లాడూ, కరిచిన చరిత్రున్న కుక్కా ఒకే ఇంట్లో సర్దుకుంటాయని నమ్మేవాళ్లు. ఇంట్లో ఒక్కరికే ఇష్టమై, మిగతావాళ్లు ‘సరేలే’ అన్నవాళ్లు. వీళ్లంతా మంచివాళ్లే. నెలకోసారి షెల్టర్‌కి వెళ్లి ఒక కుక్కని నడిపించి రావచ్చు.

ఇన్ని చేసినా కుదరకపోవచ్చు. అప్పుడు రింగ్‌రోడ్డు పక్కన దించేసి రావడం నేరం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ఆ మాట చెబుతుంది, మొదటిసారి జరిమానా మాత్రం యాభై రూపాయలు మించదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. పార్కింగ్ ఫైన్ ఇంతకంటే ఎక్కువ. కాబట్టి చట్టం భయం మీద ఆధారపడకండి. తీసుకునే రోజే రెస్క్యూ వాళ్లతో, కుదరకపోతే మీకే తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోండి. అదే రోజు ఒక నోట్‌బుక్ కొనండి. ఏ మాట అర్థమవుతుంది, దేనికి బెదురుతుంది, ఎన్నింటికి తింటుంది, ఏ మందు పడదు, ఏ వీధిలో ఏ కుక్కతో వైరం, అన్నీ తేదీ వేసి రాయండి. మీరు ఊరెళితే చూసుకునే పక్కింటి కుర్రాడికి, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో మిమ్మల్ని ఎరగని డాక్టరుకి, కుదరని పక్షంలో దాన్ని తీసుకెళ్లే తర్వాతి ఇంటికి, ఇచ్చేది ఆ నోట్‌బుక్కే. మొదటి పేజీలో ఫోస్టర్ ఇంటివాళ్లు చెప్పినవి రాసుకోండి. వాళ్లు ఫోన్‌లో చెబుతుండగానే, గుర్తుంటుందిలే అనుకోకుండా.